నాష్‌విల్ ‘ఏడాదికో తరగతి’ పథకం: 1957లో 19 మందే ఎందుకు?

ఓయూ_ఎంఏ_హిస్టరీ: క్యాంపస్‌లో సెమినార్ ఉంది. బడుల్లో జాతిని బట్టి పిల్లల్ని వేరు చేయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన బ్రౌన్ తీర్పు 1954 మే 17న వచ్చింది. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో తెల్లవాళ్ల బడుల్లోకి నల్లజాతి పిల్లలు వెళ్లింది 1957 సెప్టెంబరు 9న, అదీ ఒకటో తరగతిలో 19 మందే. బెదిరింపుల వల్లేనని రాస్తే సరిపోతుందా?

చిక్కడపల్లి_రీడర్: సరిపోదు తమ్ముడూ. భయం ఉంది, కాదనను. పిల్లల్ని కలిపి చదివించడాన్ని వ్యతిరేకించిన జాన్ కాస్పర్ ఊరంతా రెచ్చగొట్టాడు. ఆ రాత్రే హ్యాటీ కాటన్ బడిని డైనమైట్‌తో పేల్చారు, అక్కడ చేరింది ఒక్క నల్లజాతి పాప. కానీ బాంబు పేలేసరికే ఆ 19 లెక్క తేలిపోయింది కదా.

అసలు మెలిక బదిలీ నిబంధనలో ఉంది. ఏ ఇంటి పిల్లలు ఏ బడికెళ్లాలో చెప్పే జోన్లను జాతి చూడకుండానే గీశారు. అయితే తనకు పడిన బడి ఇంతకుముందు అవతలి జాతిదైనా, అక్కడ తన జాతి పిల్లలు తక్కువున్నా, తల్లిదండ్రులు అర్జీ పెట్టి మార్పించుకోవచ్చు. నల్లవాళ్ల బడి జోన్‌లో పడ్డ తెల్లపిల్లలు అలాగే బయటికెళ్లారు. నల్లవాళ్ల బడి పడిన నల్లజాతి పిల్లాడు తెల్లవాళ్ల బడికి మారతానంటే మాత్రం ఈ నిబంధన పనికిరాదు.

రెండోది తరగతుల లెక్క. పథకం ఏడాదికో తరగతినే కలుపుతుంది: 1957లో ఒకటో తరగతి, 1958లో రెండోది, అలా పన్నెండు దాకా. 1957లో రెండో తరగతిలో ఉన్నవాడు మరుసటి ఏడాది మూడుకెళ్తాడు, పథకం రెండుకొస్తుంది. బడి అయిపోయేదాకా వాడు ఒక మెట్టు పైనే ఉంటాడు, పథకం వాణ్ని అందుకోదు. సెమినార్‌లో దీన్ని బోర్డు మీద గీసి చూపించు.

కోఠి_పాతపుస్తకాలు: ఒక సవరణ జోడిస్తా. ఇలాంటి బదిలీ నిబంధనను సుప్రీంకోర్టు 1963లో గాస్ కేసులో కొట్టేసింది. ఆ కేసు టెనెసీలోనే మరో నగరమైన నాక్స్‌విల్‌ది, నాష్‌విల్ చుట్టూ ఉన్న డేవిడ్‌సన్ కౌంటీది. నాష్‌విల్ నగర పథకాన్ని 1959లో అప్పీల్ కోర్టు సమర్థించింది. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు.

పోలికకు అట్లాంటా తీసుకోండి. 1961 ఆగస్టు 30న 11, 12 తరగతుల్లో మొదలుపెట్టి కిందికి దిగారు. పరీక్షలు, ఇంటర్వ్యూలతో వడపోస్తే నాలుగు హైస్కూళ్లకు తొమ్మిది మంది మిగిలారు.

ఓయూ_ఎంఏ_హిస్టరీ: మన విద్యాహక్కు చట్టంలోని 25 శాతం సీట్లతో పోల్చొచ్చా అన్నా?

చిక్కడపల్లి_రీడర్: వద్దు. సెక్షన్ 12(1)(సి) ప్రైవేటు బడుల్లో ప్రవేశ తరగతికి పెట్టిన కోటా. నాష్‌విల్‌లో కోటా అన్నదే లేదు, ఉన్నది జోన్, అర్జీ. పోల్చాలంటే కింది తరగతితో మొదలెట్టడం వరకే, అది కూడా ఫుట్‌నోట్‌లో.