అప్‌డేట్: నాన్నకి రాత్రి చెమటలు, కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదండీ, నాన్నకి రాత్రి రెండు మూడింటికి బనియను పిండితే నీళ్ళు కారేంత చెమటలు పడుతున్నాయని. వైజాగ్ ఉక్కపోతే అన్నారు చాలామంది, నేనూ అదే అనుకున్నా, కానీ ఏసీ వేసినా అంతే.

గాజువాకలో మాకు తెలిసిన డాక్టర్ గారికి చూపించాం. జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, మెడ దగ్గర గడ్డలు ఉన్నాయా అని అడిగారు, ఏవీ లేవు. అయినా టీబీ అనుమానం పోవాలని ఛాతీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష, థైరాయిడ్, సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) రాశారు. అన్నీ నార్మలే. నాకు టీబీ భయమే ఎక్కువుండేది, నిజం చెప్పాలంటే.

అప్పుడు షుగర్ మాత్రలేవి అన్నారు. గ్లిమెపిరైడ్. నాన్నేమో బరువు తగ్గాలని రెండు నెలలుగా రాత్రి అన్నం మానేసి గ్లాసు మజ్జిగతో పడుకుంటున్నారు, మాత్ర మాత్రం మానలేదు! మనం అన్నం తిన్నా తినకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్ ఊరేలా చేస్తుందట, దాంతో షుగర్ పడిపోతుందట. చెమట పట్టినప్పుడు గ్లూకోమీటర్‌తో చూడమన్నారు, చూస్తే 56. 70 కంటే తగ్గితేనే లో షుగర్ అంట, ఆ చెమటలు దానివల్లేనట. వెంటనే పంచదార నీళ్ళు పట్టించాం.

డోసు తగ్గించారు, రాత్రి రెండు పుల్కాలు తింటున్నారు. పది రోజులైంది, చెమటల్లేవు. అమ్మ మాత్రం ఇంకా అలారం పెట్టుకుని లేచి నుదురు తడిమి చూస్తోంది.