ఆ డబ్బుతో ఊళ్లోనే కొట్టు పెట్టుకోవచ్చు కదా? సొమాలీ కుర్రాళ్ల వలసపై చర్చ

గోదారిగట్టు:
మధ్యధరా సముద్రంలో మునిగిన పడవల గురించి చదువుతుంటే సొమాలియా పేరు మళ్లీ మళ్లీ తగులుతోంది. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లలు ఇంట్లో చెప్పకుండా బయల్దేరుతున్నారు. ఇథియోపియా, సూడాన్, సహారా ఎడారి దాటి లిబియా చేరి, అక్కడి నుంచి పడవలో ఇటలీకి. ఇలా వెళ్లడాన్ని వాళ్లు తహ్రీబ్ అంటారు. దారిలో దళారులు వాళ్లను బంధించి, ఇంటికి ఫోన్ చేసి వేల డాలర్లు గుంజుతున్నారు. ఐదు వేల డాలర్లంటే మన లెక్కలో నాలుగు లక్షలు దాటింది. అంత ఇచ్చుకోగలిగిన కుటుంబం ఆ డబ్బుతో ఊళ్లోనే కొట్టు పెట్టుకోవచ్చు, నాలుగు ఒంటెలు కొనుక్కోవచ్చు. ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు? ఇది పేదరికం కాదు, వయసు దూకుడు అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

టోలిచౌకి వాసి:
గోదారిగట్టు గారూ, మీరు అడిగిన ప్రశ్నే నేనూ ఒకప్పుడు అడిగాను. హైదరాబాద్ టోలిచౌకిలో సొమాలీ విద్యార్థులు చాలామంది ఉంటారు. మా బిల్డింగ్ పై అంతస్తులో ఉండే అబ్బాయిది సొమాలీలాండ్ రాజధాని హర్గీసా. ఒక రాత్రి తలుపు కొట్టి, ఫోన్ ఛార్జర్ ఉంటే ఇమ్మన్నాడు. చేతులు వణుకుతున్నాయి. పదిహేడేళ్ల తమ్ముడు లిబియాలో దొరికిపోయాడట. ఫోన్ అవతల తమ్ముడు ఏడుస్తున్నాడు, పక్కన ఎవరో అరుస్తున్నారు. ఛార్జింగ్ అయిపోతే మళ్లీ ఎప్పుడు చేస్తారో తెలియదని ఆ అబ్బాయి భయం.

మర్నాడు వాళ్ల గదికి వెళ్లాను. ఇంజనీరింగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం మీద పేర్లు, పక్కన అంకెలు. నైరోబీలో మేనమామ 200, అమెరికాలో పెదనాన్న కొడుకు 500, ఇక్కడి స్నేహితులు తలా 20, 30 డాలర్లు. ఊళ్లో తల్లి ఇంటి స్థలం అమ్మకానికి పెట్టింది. నాలుగు రోజులు ఆ కాగితం నిండుతూ వచ్చింది.

మీ ప్రశ్నకు జవాబు ఆ కాగితమే. ఆ డబ్బు ఏ ఇంట్లోనూ ముందుగా లేదు. తమ్ముడు కొట్టు పెడతాడు, తలా వంద ఇవ్వండి అని అడిగి ఉంటే ఇచ్చేవాళ్లా అని ఆ అబ్బాయిని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ప్రాణం పోతుందంటేనే వంశం అంతా కదులుతుంది. దళారులకు ఇది బాగా తెలుసు. అందుకే బయల్దేరేటప్పుడు కుర్రాళ్ల దగ్గర పైసా అడగరు. "ఇప్పుడు బయల్దేరు, డబ్బు తర్వాత" అంటారు. లిబియాలో వసూలు చేసేవాడిని సొమాలీలో మగఫె అంటారు. గురి తప్పనివాడు అని అర్థం.

జగిత్యాల అన్న:
టోలిచౌకి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను 2006లో దుబాయ్ పోయిన. అంతకు ముందు ఏడాది కుట్టు మెషిన్ కొనుక్కుంటా, పదివేలు ఇయ్యండని మా ఊరి షావుకారిని అడిగితే లేవన్నడు. దుబాయ్ వీసా కాగితం చూపించంగనే అదే మనిషి నూటికి మూడు రూపాయల మిత్తికి డెబ్బై వేలు ఇచ్చిండు. పోయేటోనికి అప్పు పుడుతది, ఉండేటోనికి పుట్టదు. కాకపోతే నాకు పాస్‌పోర్టు ఉండె, విమానం టికెట్ ఉండె. ఆ పిల్లలకు అవి కూడా లేవు. సొమాలీలాండ్ అంటే సొమాలియా నుంచి విడిపోయినమని తానే ప్రకటించుకున్న ఉత్తర భాగం, దాని పాస్‌పోర్టును చాలా దేశాలు లెక్కలోకే తీసుకోవు. సక్కని తొవ్వ మూసేస్తే మనిషి కంచెల కింది నుంచే పోతడు.

గోదారిగట్టు:
డబ్బు సంగతి ఒప్పుకుంటున్నాను, నేను అలా ఆలోచించలేదు. కానీ ఇంకొకటి మిగిలింది. సొమాలియా రాజధాని మొగదిషు వైపు అల్ షబాబ్ ఉగ్రవాదులు ఉన్నారు, బాంబులు ఉన్నాయి. 2017 అక్టోబర్ 14న ఒక్క లారీ బాంబుకు 500 మందికి పైగా పోయారు. అక్కడి పిల్లలు పారిపోతే అర్థముంది. హర్గీసా అలా కాదు కదా? సొమాలీలాండ్ 1991లో విడిపోయినప్పటి నుంచి చాలావరకు ప్రశాంతంగానే ఉందంటారు. అక్కడి కాలేజీ పిల్లలు కూడా ఎందుకు వెళ్తున్నారు? తల్లి ఇంటి స్థలం అమ్ముకోవాల్సి వస్తుందని తెలిసీ వెళ్లడం తప్పు కాదా?

పాఠాల పద్మ:
కాలేజీ పిల్లలు కాబట్టే వెళ్తున్నారు గోదారిగట్టు గారూ. 1998లో సొమాలీలాండ్‌లోని బొరామాలో అమూద్ యూనివర్సిటీ మొదలైంది, ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి యూనివర్సిటీలు వచ్చాయి. పట్టాలు వచ్చాయి, వాటికి సరిపడా ఉద్యోగాలు రాలేదు. ఉన్న నాలుగు ఉద్యోగాలకూ మీ వంశం ఏది, లోపల ఎవరు తెలుసు అన్నదే మొదటి ప్రశ్న. సొమాలియా మొత్తం జనాభాలో నూటికి 70 మందికి పైగా 30 ఏళ్ల లోపువాళ్లే. ఇక ఒంటెలంటారా, 2020 చివరి నుంచి 2022 దాకా వరసగా ఐదు సీజన్లు సరైన వానల్లేవు. లక్షల పశువులు చచ్చాయి.

దాని మీద ఇంకొకటి. వేసవిలో యూరప్, అమెరికాల నుంచి ఖుర్బజోగ్ దిగుతారు. విదేశాల్లో స్థిరపడ్డ సొమాలీలను అలా అంటారు. మంచి ఉద్యోగాలూ వాళ్లకే, పెళ్లి సంబంధాలూ వాళ్లకే. వాళ్లు పంపే డబ్బు మీద దేశమే నడుస్తోంది, ఏటా వంద కోట్ల డాలర్లకు పైమాటే. ఎన్నారై సంబంధం వచ్చిందంటే మన ఇళ్లలో ఊళ్లో ఉన్న కుర్రాడి పరిస్థితి ఏమవుతుందో మనకు తెలియనిదా? ఇరవై రెండేళ్లకు పట్టా చేతిలో పెట్టుకుని టీ కొట్టు దగ్గర కూర్చున్న వాడికి ఎదురుగా కనిపించే జవాబు ఒక్కటే.

అరకు విహారి:
నా మాట ఒకటి. వాళ్లకు అసలు ప్రమాదం తెలియదేమో. పడవలు మునిగిన వీడియోలు స్కూళ్లలో చూపిస్తే చాలామంది ఆగిపోతారు కదా?

పాఠాల పద్మ:
తెలుసండీ. సామియా యూసుఫ్ ఒమర్ కథ తెలియని సొమాలీ కుర్రాళ్లు అరుదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్లు పరిగెత్తిన అమ్మాయి. అందరికన్నా వెనక, 32 సెకన్లకు గీత దాటింది. స్టేడియం అంతా చప్పట్లు కొట్టింది. లండన్ ఒలింపిక్స్‌కు మంచి కోచ్ కావాలని ఇంటి నుంచి బయల్దేరి, ఇథియోపియా, సూడాన్ మీదుగా లిబియా చేరింది. 2012 ఏప్రిల్‌లో ఇటలీకి వెళ్తూ సముద్రంలో చనిపోయింది. దేశం తరఫున ఒలింపిక్స్‌లో పరిగెత్తిన మనిషికే వీసా దారి దొరకలేదు. కుర్రాళ్లు ఆ కథలో ప్రమాదాన్ని మాత్రమే చూడరు, తమకు వేరే దారి లేదని కూడా చూస్తారు. పైగా తమ వీధి నుంచే వెళ్లి జర్మనీ చేరినవాడి ఫోటో రోజూ ఫోన్‌లో కనిపిస్తుంది. మునిగిపోయినవాడు ఫోటో పెట్టడు.

గోదారిగట్టు:
అది నిజమే. అయినా తల్లి విషయంలో నా కోపం పోలేదు. చెప్పకుండా వెళ్లడం మాత్రం నేను క్షమించలేను.

టోలిచౌకి వాసి:
ఆ కోపం పై అంతస్తు అబ్బాయికీ ఉండేది. తమ్ముడి పేరెత్తితే మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం చెప్పాడు, చెప్తే అమ్మ వెళ్లనివ్వదని వాడికి తెలుసు, అందుకే చెప్పలేదు అని. డబ్బు కట్టాక తమ్ముడిని వదిలేశారు, కానీ ఇటలీ చేరలేదు. సముద్రం మీద లిబియా కోస్ట్‌గార్డ్ పట్టుకుని మళ్లీ జైల్లో వేసింది. ఆరు నెలల తర్వాత విమానంలో ఇంటికి పంపారు. స్థలం ఎలాగూ పోయింది. అన్న హైదరాబాద్‌లో పార్ట్‌టైమ్ పనిచేసుకుంటూ ఆ కాగితంలో పేర్లు ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాడు. ఇల్లు ఖాళీ చేసేనాటికి ఇంకా సగం మిగిలాయి.

వాళ్లకు ఇంకో తమ్ముడు ఉన్నాడు, పదిహేనేళ్లవాడు. రోజూ సాయంత్రం ఒకే వేళకు అన్న ఫోన్ మోగేది. తల్లి. చిన్నవాడు ఇంటికి వచ్చాడు అని ఆమె చెప్పేదాకా ఈ అబ్బాయి కంచం ముందు కూర్చునేవాడు కాదు.