థింక్‌ప్యాడ్ ఎక్స్230: ముందు ఎస్ఎస్‌డీ వేయించాలా, ర్యామ్ పెంచాలా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా చెల్లి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. మా బాబాయి వాడి పక్కన పెట్టిన థింక్‌ప్యాడ్ ఎక్స్230 ఇంట్లో ఉంది. ఐ5-3320ఎం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ), 320 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఒళ్లు గట్టిగానే ఉంది, కీబోర్డు చాలా బాగుంది. కానీ డెస్క్‌టాప్ కనిపించాక కూడా చాలాసేపటి వరకు దేన్ని నొక్కినా కదలదు. తనకు కావలసింది టాలీప్రైమ్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు. అంతకు మించి ఏమీ లేదు.

ఇక్కడ ఒక దుకాణంలో అడిగితే ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కు బదులు పెట్టే, కదిలే భాగాలు లేని డిస్క్), ర్యామ్, బ్యాటరీ మూడూ మార్చాలన్నారు. మా బడ్జెట్ ఐదు వేలు. మూడూ ఒకేసారి కుదరవు. ఏది ముందు చేయించాలి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పార్క్ లేన్ రిపేరు (సికింద్రాబాద్)

తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనవద్దు. లాప్‌టాప్ ఆన్ చేసి, మామూలుగా మీ చెల్లి తెరిచేవన్నీ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అనే మూడు అంకెలు ఎంతెంత ఉన్నాయో ఇక్కడ రాయండి. పని ఎక్కడ ఆగిపోతోందో ఆ మూడే చెబుతాయి.

మరో మాట. అడాప్టర్ మొదట వచ్చినదేనా, బయట కొన్నదా? కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లు తమది కాని ఛార్జర్‌ను గుర్తించకపోతే ప్రాసెసర్ వేగాన్ని కావాలనే తగ్గించేస్తాయి. అలాంటివాటికి ర్యామ్, డిస్క్ రెండూ మార్పించుకున్నా తేడా కనిపించక మా దగ్గరకు తెచ్చేవారు ఉన్నారు. సరైన ఛార్జర్ పెడితే సరిపోయేది.

గోదావరి గట్టు

ఛార్జర్ మొదటిదే. అంకెలు చూశాను. ఆన్ చేసిన కొత్తలో డిస్క్ 100 శాతం దగ్గరే ఉండిపోతోంది. మెమరీ ఏమీ తెరవకుండానే 60 దాటింది, క్రోమ్, టాలీ తెరిస్తే 90 దాటుతోంది. సీపీయూ మాత్రం ఎక్కువసేపు ముప్పై లోపే.

పార్క్ లేన్ రిపేరు

అయితే మొదటి ఓటు ఎస్ఎస్‌డీకే. ఎందుకో చెబుతాను.

మీ హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరిగే రకం అనుకుందాం. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి. దానికి ముందు తల ఆ ట్రాక్ మీదికి జరగడానికి మరో పది పన్నెండు మిల్లీసెకన్లు. రెండూ కలిపితే సెకనుకు దాదాపు అరవై చిన్న ఫైళ్లకు మించి అందించలేదు. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు, అందుకే అదే సెకనులో వేల ముక్కలు ఇస్తుంది. పెట్టె మీద రాసే 550 ఎంబీ అంకె పెద్ద ఫైలు కాపీ చేసేటప్పటి మాట. రోజువారీ పనిలో మీకు తెలిసే తేడా ఈ చిన్న ముక్కలది.

మీ మోడల్‌లో గమనించవలసినవి: డిస్క్ అర 7 మిల్లీమీటర్ల మందానిది. 9.5 మిల్లీమీటర్ల డిస్క్ అందులో పట్టదు. 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే పద్ధతి) ఎస్ఎస్‌డీలు దాదాపు అన్నీ 7 మిల్లీమీటర్లవే కాబట్టి ఇబ్బంది లేదు. పక్కనున్న ఒక్క మర విప్పితే పాత డిస్క్ బయటికి జారుతుంది. లోపల ఎంసాటా (చిన్న కార్డు రూపంలోని ఎస్ఎస్‌డీ) స్లాటు కూడా ఉంది గానీ దాని వేగం సాటా రెండో తరానిది, ప్రధాన అరది మూడో తరానిది. ఎవరైనా 'ఎన్‌వీఎంఈ (ఇంకా కొత్త రకం ఎస్ఎస్‌డీ) వేయించుకోండి, ఇంకా వేగం' అంటే వినవద్దు. ఈ లాప్‌టాప్‌లో దానికి చోటే లేదు.

కాకతీయ తోరణం (వరంగల్)

నేను అకౌంట్స్ పని చేస్తాను, రోజంతా టాలీలోనే. డిస్క్ ముందు అన్నది నిజమే కానీ, మెమరీ 90 దాటుతోందంటే ర్యామ్‌ను మరీ వెనక్కి నెట్టకండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటుంది. మీ డిస్క్ 100 చూపించడంలో దాని వాటా కూడా ఉండే ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసు నడుస్తూ పక్కన ఎక్సెల్ తెరవాలంటే 8 జీబీ కావాలి.

కొనే ముందు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరిచి మెమరీ నొక్కండి. ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో కింద రాసి ఉంటుంది. మీ మోడల్‌కు రెండు స్లాట్లు, మొత్తం 16 జీబీ వరకు పడుతుంది. ఇప్పుడు 4 జీబీ ఒకే కర్రగా (ఒకే ర్యామ్ పలకగా) ఉంటే అలాంటిదే ఇంకొకటి చాలు. రెండు స్లాట్లలోనూ సమానంగా ఉంటే ప్రాసెసర్ రెండింటినీ ఒకేసారి చదువుతుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో దీనివల్ల వీడియో కూడా కాస్త తేలికపడుతుంది.

వోల్టేజి చూసుకోండి. డీడీఆర్3 అంటే 1.5 వోల్టులు, డీడీఆర్3ఎల్ అంటే 1.35. మూడో తరం ఇంటెల్ రెండింటినీ ఒప్పుకుంటుంది. నాలుగో తరం నుంచి లాప్‌టాప్‌లకు ఎల్ రకమే కావాలి, మామూలు డీడీఆర్3 పెడితే ఆన్ కావు. అందుకే ఎల్ కొనడమే మేలు, రేపు మరో పాత యంత్రానికీ పనికొస్తుంది. డీడీఆర్4 అయితే గాడి వేరే చోట ఉంటుంది, అసలు దిగదు. బలవంతంగా నొక్కవద్దు.

జమాఖర్చు (హైదరాబాద్)

నేను వేరే మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇది 2012 నాటి యంత్రం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ఎనిమిదో తరం, టీపీఎం (భద్రతా చిప్) 2.0 కావాలి. ఎక్స్230లో ఉన్నది మూడో తరం, టీపీఎం 1.2. దీని మీద ఐదు వేలు పెట్టాక కూడా చేతిలో ఉండేది కాలం తీరిన విండోసే. అమ్మాయికి ఇంకా ఏడాదిన్నర చదువుంది, తర్వాత ఉద్యోగ ప్రయత్నాలు. అదే ఐదు వేలకు ఇంకొంత జోడించి, కార్పొరేట్ కంపెనీలు వాడి అమ్మేసిన ఎనిమిదో తరం లాప్‌టాప్ తీసుకుంటే నిశ్చింత. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. పాత యంత్రానికి ర్యామ్ కొనడానికి ఇది మంచి సమయం కాదు.

పార్క్ లేన్ రిపేరు

జమాఖర్చు గారి లెక్కలో పస ఉంది. నేను కూడా ప్రతి పాత లాప్‌టాప్‌నూ బాగు చేయించుకోమని చెప్పను. ర్యామ్‌ను బోర్డుకే అతికించేసినవి, డిస్క్‌కు బదులు 32 జీబీ ఈఎంఎంసీ చిప్ బోర్డు మీదే ఉన్నవి వస్తే తిప్పి పంపేస్తాను. వాటికి చేయగలిగింది లేదు. హింజ్ విరిగి, స్క్రీన్ మీద గీతలు పడినవాటి మీదా డబ్బు పోయనివ్వను.

కానీ ఈ కేసు అలాంటిది కాదు. ఏ వస్తువు ముందుకు వెళుతుంది, ఏది ఇక్కడే ఆగిపోతుంది అన్నది చూడండి. ఎస్ఎస్‌డీ ఈ లాప్‌టాప్‌తో పోయేది కాదు. రేపు కొత్తది కొన్నా 2.5 అంగుళాల అర ఉంటే అందులోకి వెళుతుంది, లేకపోతే యూఎస్‌బీ కేసులో పెట్టి బయటి డిస్క్‌గా వాడుకోవచ్చు. డీడీఆర్3 ర్యామ్ మాత్రం ఇక్కడితో ఆగిపోతుంది, ఎనిమిదో తరం వాటిలో డీడీఆర్4 ఉంటుంది. కాబట్టి ఎస్ఎస్‌డీ కొత్తది, వారంటీ ఉన్నది తీసుకోండి. ర్యామ్ మాత్రం వాడినది, దుకాణంలోనే పెట్టి చూపించి, మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) నడిపి ఇచ్చేది తీసుకోండి. ర్యామ్ కర్రలు అంత తేలిగ్గా చెడిపోవు. పాత ఎస్ఎస్‌డీ మాత్రం కొనవద్దు, దానిలో ఇంతవరకే రాయగలమన్న హద్దు ఉంటుంది, అందులో ఎంత ఖర్చయిందో తెలియకుండా కొనడం నష్టం.

నల్లమల పంతులు (నంద్యాల)

విండోస్ 10 గురించి ఒక వివరం. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది. విండోస్ 11ను అడ్డదారిలో ఎక్కించే పద్ధతులున్నాయి గానీ, అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పరీక్షల ముందు అది ఆగిపోతే పిల్ల ఇబ్బంది పడుతుంది.

మా బడిలో పిల్లల కోసం పాత యంత్రాల్లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) వేశాను. 4 జీబీ ఉన్నవి కూడా సాఫీగా నడుస్తున్నాయి, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. మీకు అదే చెప్పేవాణ్ని, కానీ టాలీప్రైమ్ విండోస్‌కే వస్తుంది. చదువే టాలీ మీద ఉన్నప్పుడు దాన్ని అడ్డదిడ్డంగా లినక్స్‌లో నడిపించే ప్రయత్నం వద్దు. ఆ అదనపు అప్‌డేట్ల గడువు ముగిశాక రెండు ఓఎస్‌లు పక్కపక్కన పెట్టుకోండి. ఇంటర్నెట్, బ్యాంకు పనులు మింట్‌లో, టాలీ సాధన నెట్ ఆపేసిన విండోస్‌లో.

ఇంకొకటి, ఎంత ర్యామ్ వేసినా తీరనిది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువ వీడియోలను వీపీ9, ఏవీ1 రూపాల్లో (వీడియోను కుదించే పద్ధతులు) పంపుతుంది. మూడో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఆ రెండూ విప్పడం రాదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాను హోరెత్తుతుంది. హెచ్264ఐఫై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెడితే హెచ్.264 రూపంలోనే తెప్పిస్తుంది, దాన్ని ఈ చిప్ తేలిగ్గా విప్పుతుంది. 1080పీ వరకే వస్తుంది, ఆ స్క్రీన్ ఎలాగూ 1366 బై 768. ఉచితం. ముందు ఇది చేయండి.

అచ్చు అక్షరం (విజయవాడ)

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) పనివాణ్ని. క్లోన్ చేయాలా (పాత డిస్క్‌లోనిదంతా ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించాలా), విండోస్ కొత్తగా వేయాలా అన్న ప్రశ్న మీకు ఎలాగూ వస్తుంది. నా యంత్రంలో అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్, ఏళ్ల తరబడి పోగేసిన ఫాంట్లు ఉన్నాయి. అవన్నీ మళ్లీ అమర్చుకోవడం ఎంత పనో డీటీపీ చేసేవారికే తెలుసు. అందుకే క్లోన్ చేసుకున్నాను, అంతా యథాతథంగా వచ్చింది. మీ చెల్లికి అలాంటిదేమీ లేదు కాబట్టి శుభ్రంగా కొత్తగా వేయండి. బాబాయి గారి పాత చెత్త కూడా పోతుంది. ఫొటోలు, కాగితాలు ముందు వేరే చోట కాపీ చేసుకోవడం మాత్రం మరవద్దు.

క్లోన్ చేసేవారికి: పాత డిస్క్ పెద్దది, ఎస్ఎస్‌డీ చిన్నది అయితే ముందు పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) కుదించాలి. క్లోన్‌జిల్లా (క్లోన్ చేసే ఉచిత ప్రోగ్రాం) తనంత తానుగా పెద్దదాన్ని చిన్నదానిలోకి తీసుకోదు. పాత విండోస్ ఎక్స్‌పీ కాలంలో పార్టిషన్ చేసిన డిస్క్ అయితే క్లోన్ అసలు వద్దు. అప్పటి పార్టిషన్లు 63వ సెక్టారు (డిస్క్‌లోని చిన్న గడి) దగ్గర మొదలవుతాయి, ఎస్ఎస్‌డీ లోపలి అమరికతో అది పొసగదు, రాతలు నెమ్మదిస్తాయి.

ఫ్రిస్కో తెలుగు (టెక్సస్)

గుంటూరులో మా నాన్నగారి లాప్‌టాప్‌కు సెలవుల్లో వచ్చినప్పుడు ఎస్ఎస్‌డీ పెట్టాను. కొత్త డిస్క్ అయినా మధ్యమధ్యలో బిగుసుకుపోయేది. డిస్క్‌ను బోర్డుకు కలిపే పల్చటి కేబుల్ నలిగిందని తేలింది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్క్ ఆరోగ్యం చూపే ప్రోగ్రాంలో సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అనే అంకె పెరుగుతూ ఉంటే తప్పు డిస్క్‌ది కాదు, దారిది, అంటే కేబుల్‌ది. డిస్క్ వాపసు ఇచ్చే ముందు అది చూడండి.

కాకతీయ తోరణం

ఆన్‌లైన్‌లో నమ్మలేనంత తక్కువ ధరకు కనిపించే 2 టీబీ, 4 టీబీ డిస్క్‌ల జోలికి వెళ్లకండి. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, సైజు అబద్ధం చెప్పేలా మార్చి అమ్ముతారు. నిండేదాకా తెలియదు, నిండాక పాత ఫైళ్ల మీదే రాసేస్తుంది. అనుమానం వస్తే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ నడిపి చూడండి, అసలు సైజు బయటపడుతుంది.

గోదావరి గట్టు

అందరికీ చాలా కృతజ్ఞతలు. పని పూర్తయింది. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొత్తది, 4 జీబీ డీడీఆర్3ఎల్ కర్ర వాడినది తీసుకున్నాం. విండోస్ కొత్తగా వేసి, అదనపు అప్‌డేట్లకు నమోదు చేశాను. ఆన్ చేసిన వెంటనే వాడుకోగలుగుతోంది. టాలీ, ఎక్సెల్, క్లాసు మూడూ కలిపి తెరిచినా మెమరీ 70 దగ్గరే ఉంది. పంతులు గారు చెప్పిన ఎక్స్‌టెన్షన్ పెట్టాక ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది. బడ్జెట్‌లో ఇంకా కొంత మిగిలింది.

ఇప్పుడు వేడి సంగతి. గంట వాడాక అడుగు భాగం బాగా కాలుతోంది. బ్యాటరీ అరగంట కూడా రావడం లేదు. మిగిలిన డబ్బు దేని మీద పెట్టాలి?

పార్క్ లేన్ రిపేరు

వేడి మీద. కోర్ టెంప్ (ప్రాసెసర్ వేడి చూపే ప్రోగ్రాం) నడిపి చూడండి. పని చేసేటప్పుడు 90 డిగ్రీలు దాటుతుంటే ఫ్యాను విప్పించి, రాగి రెక్కల మధ్య పేరుకున్న నూగు తీయించి, థర్మల్ పేస్ట్ కొత్తది పూయించండి. ఇన్నేళ్ల పేస్ట్ ఎండి పొడిగా మారి ఉంటుంది. ప్రాసెసర్ హద్దుకు చేరిందంటే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. రోహిణి కార్తెలో మీ ఊరి ఎండకు ఆ హద్దు ఎంత తొందరగా వస్తుందో నేను చెప్పనక్కరలేదు. ఫ్యాను విప్పాలంటే ఈ మోడల్‌లో కీబోర్డు, చేతులు ఆనించే పలక తీయాలి. అలవాటున్నవారి చేత చేయించండి, మీ కళ్ల ముందే.

బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి రిపోర్ట్ తీయండి. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ చూపిస్తుంది. సగానికి దిగిపోయినా ఇంట్లో ప్లగ్గు దగ్గర వాడుకుంటే తొందర లేదు. ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఆ రోజే తీసేయండి. ఇందులో బ్యాటరీ బయటి నుంచే ఊడుతుంది, అది లేకుండా అడాప్టర్ మీద నడుస్తుంది. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఈ తరం థింక్‌ప్యాడ్‌ల బయోస్ (ఆన్ కాగానే నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) తన కంపెనీ గుర్తు లేని బ్యాటరీని ఛార్జి చేయదు. దుకాణంలోనే పెట్టి, శాతం పెరుగుతోందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.