మా చెరువులో పచ్చటి తెట్టు: శాటిలైట్‌తో గమనించడానికి ఏ వెబ్‌సైట్ వాడాలి?

గట్టుమీద_నడక:

నమస్తే అందరికీ. బెంగళూరులో హెబ్బాళ్ దాటాక ఒక చెరువు పక్కన ఉంటాం. చిన్న చెరువే, సుమారు 40 ఎకరాలు. ఎండలు మొదలైనప్పటి నుంచి పడమటి గట్టు వెంబడి నీళ్ల మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కడుతోంది. గాలి మారితే మాయమవుతుంది, మళ్లీ వస్తుంది. మాకు పాలు పోసే అక్క గేదెలు రోజూ ఆ గట్టు దగ్గరే నీళ్లు తాగుతాయి. నా టెన్షన్ అంతా అదే. ఇలాంటి నాచులో కొన్ని రకాలు విషం తయారుచేస్తాయని, పశువులు చనిపోతాయని చదివాను.

అమెరికాలో సైయాన్ అనే యాప్‌లో చెరువు పేరు కొడితే నాచు ఎంత ఉందో చూపిస్తుందట. మన చెరువులకు అలాంటిది ఉందా? నేను బ్యాంకు ఉద్యోగిని, కోడింగ్ రాదు.

రవ్వంత_సందేహం:

గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల బొమ్మలు వస్తాయి కదా, చూశారా?

కర్నూలు_పిక్సెల్:

గూగుల్ ఎర్త్ బొమ్మలు స్పష్టంగానే ఉంటాయి కానీ ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య నెలలు గడిచిపోతాయి. నాలుగు రోజుల్లో వచ్చిపోయే తెట్టును అవి పట్టుకోలేవు.

నేను బెంగళూరులోనే శాటిలైట్ చిత్రాల మీద పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. సైయాన్ అమెరికా చెరువులకే. అది మన దగ్గర ఉన్నా మీ చెరువుకు పనికిరాదు. అది వాడే సెంటినెల్-3 ఉపగ్రహ చిత్రంలో ఒక్కో గడి (పిక్సెల్) వైపు 300 మీటర్లు, అంటే 22 ఎకరాల పైమాటే. మీ చెరువు మొత్తం రెండు గళ్లలో అయిపోతుంది, ఆ రెంటిలోనూ గట్టు, రోడ్డు, చెట్లు కలిసిపోతాయి. నాగార్జునసాగర్ లాంటి పెద్ద జలాశయానికైతే అదే మంచిది.

మీకు కావలసింది సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు. కోపర్నికస్ బ్రౌజర్ అనే యూరప్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరవచ్చు. రెండు ఉపగ్రహాలు కలిపి సుమారు ఐదు రోజులకోసారి, ఉదయం పదిన్నర, పదకొండు మధ్య మన మీదుగా వెళ్తాయి. సెంటినెల్-2 ఎల్2ఏ (గాలి, ధూళి ప్రభావం తీసేసిన చిత్రాలు) ఎంచుకుని, మబ్బు తక్కువున్న తేదీ తీసుకోండి. కస్టమ్‌లోకి వెళ్తే ఇండెక్స్ అని ఉంటుంది. అక్కడ మొదటి స్థానంలో బి05 (ఎరుపు దాటగానే వచ్చే కాంతి బ్యాండ్), రెండో స్థానంలో బి04 (ఎరుపు బ్యాండ్) పెట్టండి. కోడింగ్ అక్కర్లేదు. నాచులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది, ఎరుపు దాటగానే 705 నానోమీటర్ల దగ్గర కాంతి బాగా తిరిగొస్తుంది. ఆ తేడాయే ఈ ఇండెక్స్. బి05 గడి 20 మీటర్లు, కాబట్టి మీ చెరువులో దాదాపు 400 గళ్లు వస్తాయి. గట్టును ఆనుకున్న గళ్లను మాత్రం వదిలేయండి.

అంకెను అంకెగా నమ్మొద్దు. ఎల్2ఏలో గాలి, ధూళి ప్రభావం తీసేసే లెక్క నేల కోసం తయారైంది, నీటి మీద అంత నికరంగా ఉండదు. పైగా మురుగు కలిసే మన చెరువులు ఏడాది పొడవునా పచ్చగానే ఉంటాయి. అందుకే మీ చెరువును మీ చెరువుతోనే పోల్చండి: నిరుటి ఇదే నెల, పోయిన వారం, ఇవాళ.

బెంగళూరులో ఇంకో చిక్కు గుర్రపుడెక్క. ఈ ఇండెక్స్‌లో అదీ వెలిగిపోతుంది. ఫాల్స్ కలర్ (మొక్కలను ఎరుపులో చూపించే రంగుల అమరిక) పెట్టి చూస్తే గుర్రపుడెక్క ముదురు ఎరుపులో చాపలా పరుచుకుని కనిపిస్తుంది. దట్టమైన తెట్టు కూడా ఒక్కోసారి ఎర్రబడుతుంది కాబట్టి బి11 (కంటికి కనిపించని పరారుణ కాంతి బ్యాండ్) కూడా చూడండి. నీళ్లు ఆ కాంతిని మింగేస్తాయి. తడి తెట్టు చీకటిగా, నీటిపైకి ఆకులు లేచిన గుర్రపుడెక్క కాస్త వెలుతురుగా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం: అది విషమో కాదో శాటిలైట్ చెప్పదు. విషం తయారుచేసే నీలి ఆకుపచ్చ రకాన్ని గుర్తించే 620 నానోమీటర్ల బ్యాండ్ సెంటినెల్-3లో ఉంది, సెంటినెల్-2లో లేదు. ఒకవేళ ఆ రకమే అని తేలినా, విషం ఉందా లేదా అన్నది నీళ్లను ల్యాబ్‌లో పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఎక్కడ, ఎప్పుడు నీళ్లు తీయాలో చెప్పడానికే ఈ చిత్రాలు.

పశువైద్యం_పల్లె:

ల్యాబ్ ఫలితం వచ్చేదాకా ఆగొద్దండీ. తెట్టు కనిపించిన రోజుల్లో గేదెలను ఆ గట్టుకు తోలొద్దని అక్కకు ఇవాళే చెప్పండి. గాలి తెట్టును ఏ గట్టుకు నెడుతుందో అక్కడే విషం పోగవుతుంది. బోరు నీళ్లు తొట్టిలో పోస్తే చాలు. తాగిన గేదె తూలినా, మేత మానేసినా, పడిపోయినా వెంటనే డాక్టర్‌ని పిలవాలి, కొన్నిసార్లు గంటల్లోనే ప్రాణం పోతుంది. కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ నీళ్లు మరగబెట్టినా పోదు. మైలుతుత్తం చల్లమని ఎవరైనా అంటే ఆపండి. నాచు కణాలు పగిలి లోపలి విషమంతా ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది.

ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, గాజు సీసాలో ముప్పాతిక వరకు ఆ నీళ్లు పట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి. పచ్చదనం పైకి తేలి పొరకడితే నీలి ఆకుపచ్చ రకమని అనుమానించాలి, అడుక్కు దిగితే మామూలు నాచు కావచ్చు.

గట్టుమీద_నడక:

అక్కతో మాట్లాడాను. గేదెలకు మా అపార్ట్‌మెంట్ బోరు నుంచి నీళ్లు ఇవ్వడానికి సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. సీసాలో పచ్చ పొర పైకే తేలింది.

బ్రౌజర్‌లో జనవరి, ఫిబ్రవరి, మార్చి పక్కపక్కన పెట్టి చూశాను. జనవరిలో చెరువంతా ఒకే రంగు. ఫిబ్రవరిలో ఈశాన్య మూల, కాలువ కలిసే చోట వెలుగు మొదలైంది. మార్చిలో అది పడమటి గట్టుకు పాకింది. ఇది ఎవరికి చూపించాలి?

కర్నూలు_పిక్సెల్:

చెరువు బోర్డు మీద నిర్వహణ ఎవరిదో రాసి ఉంటుంది, వాళ్లకూ, కాలుష్య నియంత్రణ మండలికీ రాయండి. మూడు చిత్రాలూ తేదీలతో జత చేయండి. చెరువులకు ‘ఏ’ నుంచి ‘ఈ’ (A–E) వరకు తరగతి ఇచ్చే ప్రమాణాల్లో ఆక్సిజన్, బీఓడీ (నీటిలోని మురుగు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్), కోలిఫాం బ్యాక్టీరియా లాంటివి ఉన్నాయి కానీ నాచు విషం లేదు. కాబట్టి మైక్రోసిస్టిన్ పరీక్ష కావాలని పేరు పెట్టి అడగండి. నమూనా చెరువు మధ్యలో కాకుండా పడమటి గట్టు దగ్గర, కాలువ కలిసే చోట, తెట్టు ఉన్న ఉదయమే తీయమనండి. వానలు మొదలైతే మబ్బుల వల్ల వారాల తరబడి ఏమీ కనిపించదు, ఉత్తరం ఈ వారమే పంపండి. బ్రౌజర్‌లో చెరువు హద్దు గీసి ఇక్కడ పెడితే ఏప్రిల్ చిత్రాలు నేనూ చూస్తాను.