సింగపూర్ – న్యూయార్క్: నాన్‌స్టాప్‌లో వెళ్ళాలా, మధ్యలో ఆగాలా?

కిటికీ సీటు:
అందరికీ నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్ళు. వచ్చే నెల సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి ఒంటరిగా రావాలి. నాన్‌స్టాప్ అయితే దాదాపు పద్దెనిమిదిన్నర గంటలట. ఇంకోటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వచ్చేది. మోకాళ్ళ నొప్పి ఉంది, బీపీకి మాత్రలు వాడుతుంది. అంతసేపు కూర్చోగలదా అన్నదే నా టెన్షన్. ఈ దారిలో నిజంగా ప్రయాణించినవాళ్ళు చెప్పండి.

వలసపిట్ట:
నేను ఆ నాన్‌స్టాప్‌లో మూడుసార్లు వెళ్ళాను. అది ఎయిర్‌బస్ వాళ్ళ ఏ350-900 యూఎల్ఆర్, అంటే అతి దూరం ఎగిరే రకం. దీని కోసమే మార్చిన విమానం. మామూలు ఏ350-900 కన్నా 24,000 లీటర్లు ఎక్కువ, మొత్తం 1,65,000 లీటర్ల ఇంధనం దాని ట్యాంకుల్లో పడుతుంది. ఆ బరువు మోయాలి కాబట్టి మనుషుల్ని తగ్గించారు. మొత్తం 161 సీట్లే. బిజినెస్ 67, ప్రీమియం ఎకానమీ 94. మామూలు ఎకానమీ అసలు లేదు, టికెట్ ధర చూసి ఉలిక్కిపడకండి.

మొదటి ఏడెనిమిది గంటలు ఇట్టే గడిచిపోతాయి. తిండి, ఒక సినిమా, కాస్త నిద్ర. పదో గంట నుంచి పద్నాలుగో గంట దాకా మాత్రం కష్టం. నిద్ర పట్టదు, గడియారం కదలదు. మొదటిసారి ఆ నాలుగు గంటలూ ఊరికే కూర్చుని నడుము పట్టేసింది. తర్వాతి రెండుసార్లూ గంటన్నరకోసారి లేచి వెనక దాకా నడిచి వచ్చాను. చాలా తేడా తెలిసింది.

ఇంకో సంగతి. ప్రీమియం ఎకానమీలో చివరి 3 వరుసల్లో కిటికీ వైపు జంట సీట్లు ఉండవు, ఒక్కటే ఉంటుంది. అమ్మగారికి అది దొరికితే లేచిన ప్రతిసారీ పక్కవాళ్ళని లేపే పని ఉండదు.

రాత్రి పక్షి:
నా అనుభవం వేరు. వేరే దారిలో 16 గంటల నాన్‌స్టాప్ చేశాను. దిగేసరికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు, పిక్క ఒకవైపే నొప్పి పెట్టింది. రక్తం గడ్డ కట్టిందేమో అని డాక్టరు స్కాన్ తీయించారు. అదృష్టం, ఏమీ లేదు. అప్పటి నుంచి మధ్యలో ఆగే ఫ్లయిటే తీసుకుంటున్నాను. రెండు గంటలు నేల మీద నడిస్తే ప్రాణం లేచి వస్తుంది. పెద్దావిడ కాబట్టి కంప్రెషన్ సాక్స్ (పిక్కల్ని బిగించి పట్టే మేజోళ్ళు) వేసుకోవచ్చా అని డాక్టర్ని ముందే అడగండి. ఎవరికి వాళ్ళు కొనేసుకోకూడదు.

ఆగే ఫ్లయిట్ అయితే మొత్తం ఒకే టికెట్ మీద ఉండాలి. నేనొకసారి డబ్బు మిగులుతుందని రెండు టికెట్లు విడివిడిగా కొన్నాను. మొదటి విమానం ఆలస్యమైంది, రెండోది వెళ్ళిపోయింది. రెండో సంస్థ తమకు సంబంధం లేదంది. రాత్రంతా కుర్చీలో గడిపి పొద్దున కొత్త టికెట్ కొన్నాను. ఒకే టికెట్ అయి ఉంటే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళదే అయ్యేది.

కిటికీ సీటు:
వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్. అమ్మ నిన్న ఫోన్‌లో రెండు అడిగింది. మ్యాప్‌లో ఈ విమానం పసిఫిక్ మీదుగా పోతోంది, తిరుగు విమానం ఒకరోజు అట్లాంటిక్ మీదుగా కనిపించింది, ఎందుకని? అంత సముద్రం మీద ఒక ఇంజిన్ ఆగిపోతే ఎలా? నాకు జవాబు తెలియలేదు.

గ్లోబు:
అమ్మగారి మొదటి ప్రశ్న నాకు చాలా ఇష్టమైన విషయం. ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని సింగపూర్ మీద ఒక కొస, న్యూయార్క్ మీద ఇంకో కొస పెట్టి బిగించి లాగండి. దారం దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. ఈ రెండు ఊళ్ళూ భూమికి దాదాపు ఎదురెదురు రేఖాంశాల మీద ఉన్నాయి కనుక అలా వస్తుంది. అదే అతి దగ్గర దారి, సుమారు 15,300 కిలోమీటర్లు.

కానీ విమానానికి కావలసింది తక్కువ దూరం కాదు, తక్కువ ఇంధనం. పైన 10 కిలోమీటర్ల ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. చలికాలంలో ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. అది వెనక నుంచి తోస్తే దూరం కాస్త పెరిగినా లాభమే. అందుకే వెళ్ళేటప్పుడు పసిఫిక్ మీదుగా తూర్పుకు, వచ్చేటప్పుడు చాలాసార్లు అట్లాంటిక్, యూరప్ మీదుగా మళ్ళీ తూర్పుకే. అలా వెళ్ళి వచ్చినవాళ్ళు భూమిని పూర్తిగా చుట్టి వచ్చినట్టే! ఏ రోజు ఏ దారి అన్నది ఆ రోజు గాలిని బట్టి తేలుస్తారు.

వలసపిట్ట:
మూడుసార్లు తిరిగానుగానీ భూమిని చుట్టొచ్చానని ఇప్పుడే తెలిసింది. చాలా సంతోషంగా ఉంది.

టార్మాక్:
రెండో ప్రశ్నకు నేను చెబుతాను. రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్ ఆగినా, మిగిలినదానితో నిర్ణీత సమయంలో ఏదో ఒక విమానాశ్రయం చేరగలిగేలా దారి గీయాలి. ఈ నియమాన్ని ఈటాప్స్ అంటారు. ఏ350కి 370 నిమిషాల వరకు అనుమతి ఉంది, అంటే ఒక్క ఇంజిన్‌తో ఆరు గంటలు పైగా ఎగరగలదని పరీక్షించి ఇచ్చిన అనుమతి. ఉత్తర పసిఫిక్ దారిలో జపాన్, అలాస్కా వైపు విమానాశ్రయాలు ఉన్నాయి. కిటికీలోంచి నీళ్ళే కనిపిస్తున్నా, దిగే చోటు ఎక్కడో ఆ క్షణానికి పైలట్‌కు తెలుసు. అమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

నాలుగు ఇంజిన్లు ఉంటే మేలు కదా అనుకుంటారు. 2004లో సింగపూర్ – నెవార్క్ (న్యూయార్క్ పక్కనే ఉన్న ఇంకో విమానాశ్రయం) నాన్‌స్టాప్ మొదలైంది నాలుగు ఇంజిన్ల ఏ340-500తోనే. ఇంధనం ఖర్చు భరించలేక 2013లో ఆపేశారు. 2018లో ఈ రెండు ఇంజిన్ల విమానం వచ్చాకే మళ్ళీ మొదలైంది.

రాత్రి పక్షి:
కిటికీ సీటు గారూ, అమ్మగారు ఒంటరిగా వస్తున్నారన్నది నేను మొదట గమనించలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగడం, మళ్ళీ సెక్యూరిటీ, మళ్ళీ గేటు. మోకాళ్ళ నొప్పితో అదంతా ఒక్కరే అంటే ఆలోచించాలి. ఆమె విషయంలో నా సలహా మార్చుకుంటున్నాను. డాక్టరు సరేనంటే నాన్‌స్టాప్‌లోనే రమ్మనండి. వీల్‌చెయిర్ మాత్రం టికెట్‌తో పాటే అడగండి, విమానాశ్రయానికి వెళ్ళాక చూద్దాంలే అనుకోవద్దు.

కిటికీ సీటు:
డాక్టరు సరేనన్నారు. నాన్‌స్టాప్ బుక్ చేశాను, వలసపిట్ట గారు చెప్పిన ఒంటరి సీటు దొరికింది! వీల్‌చెయిర్ కూడా రాయించాను. ఈటాప్స్ గురించి చెప్తే అమ్మ కాసేపు ఆగి, "అయితే సరే" అంది. ఇక బీపీ మాత్రలు ఏ వేళకు వేసుకోవాలన్న సంగతి ఒక్కటే మిగిలింది.

వలసపిట్ట:
వేసవిలో రెండు ఊళ్ళకూ సరిగ్గా 12 గంటల తేడా, చలికాలంలో 13. వేసవిలో ముళ్ళ గడియారం మార్చే పనే లేదు, పొద్దున ఎనిమిది అక్కడ రాత్రి ఎనిమిది అవుతుంది, అంతే. అందులోనే తికమక. మా నాన్న అలాగే ఒక పూట మాత్ర రెండుసార్లు వేసుకున్నారు. ఎన్ని గంటలకొకటి వేసుకోవాలో డాక్టరు చేత రాయించి, ఆ కాగితం మాత్రలతో పాటు చేతి సంచిలోనే పెట్టించండి. పెద్ద సూట్‌కేసులో వద్దు.

కిటికీ సీటు:
రేపే రాయిస్తాను. అమ్మ దిగాక వచ్చి ఇక్కడ చెబుతాను.