"నానపేక్షితముచ్యతే": మల్లినాథుడి నియమం టీవీ కామెంటరీకి వర్తిస్తుందా?

పోస్టు

కాళిదాసు రఘువంశానికి టీక రాయబోతూ మల్లినాథ సూరి తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు ఈ గ్రూపులో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది.

ఇహాన్వయముఖేనైవ సర్వం వ్యాఖ్యాయతే మయా
నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే

అంతా అన్వయక్రమంలోనే వివరిస్తాను, మూలంలో ఆధారం లేనిది ఒక్క ముక్క రాయను, అక్కర్లేనిది చెప్పను అని. మెదక్ జిల్లా కొల్చారం మనిషి, మన తెలుగువాడు. నా సందేహం ఆఖరి మాట మీద. "అపేక్షితం" అంటే ఎవరికి అక్కర? చదివేవాడికా, రాసేవాడికా?

ఈ సందేహం కావ్యం చదువుతుంటే వచ్చింది కాదు, ఆట చూస్తుంటే వచ్చింది. నేనుండేది డబ్లిన్‌లో. ఎండాకాలం వచ్చిందంటే ఇక్కడ ఆదివారాలన్నీ హర్లింగ్‌వి (కర్రతో చిన్న బంతిని కొట్టే ఐరిష్ ఆట), గేలిక్ ఫుట్‌బాల్‌వి. జట్టుకు 15 మంది, 70 నిమిషాల ఆట. గోల్ స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. బంతి అడ్డకర్ర కింద వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. పైనుంచి పోతే ఒక పాయింటు. క్రోక్ పార్క్‌లో ఫైనల్‌కి 82 వేల మంది కూర్చుంటారు, కానీ ఆడేవాళ్ళలో ఒక్కడికీ జీతం లేదు. టీచర్లు, రైతులు, బ్యాంకు ఉద్యోగులు.

సోమవారం ఆఫీసుకు వెళ్తే ఆట గురించి ఎంత మాట్లాడుకుంటారో, టీవీలో ఆట గురించి మాట్లాడినవాళ్ళని అంతకు రెండింతలు తిట్టుకుంటారు. అడ్డమైనవన్నీ చెప్తారు, చెప్పాల్సింది చెప్పరు అని. సరిగ్గా మల్లినాథుడు వద్దన్న రెండు తప్పులూ ఇవే కదా అనిపించింది. మీరేమంటారు?

మాస్టారి కామెంటు

బాగా పట్టుకున్నావు నాయనా. అపేక్ష చదువరిదే. అయితే ఒక్కటి గమనించు. టీకాకారుడు మాట్లాడేటప్పుడు మూలశ్లోకం చదువరి కళ్ళెదుట ఉంటుంది. రఘువంశం మొదటి శ్లోకంలోని "వాగర్థావివ"ని మళ్ళీ చెప్పక్కర్లేదు, అది పేజీ మీద ఉంది. కనబడేదాన్ని వదిలేసి, కనబడని సంబంధాన్ని చూపించడం టీక పని. ఈ లెక్కన మల్లినాథుడు టీవీ మనిషి. రేడియోలో మూలమే ఉండదు, మాట్లాడేవాడే కవి. మీ ఐర్లండులో రేడియోవాళ్ళు ఎలా ఉండేవారు?

జవాబు (పోస్టు పెట్టినవాడు)

మాస్టారూ, ఆ ఒక్క మాటతో నా చిక్కు సగం విడింది. ఇక్కడి వ్యాఖ్యాతల్లో దేవుళ్ళు ఇద్దరు, ఇద్దరికీ పేరు తెచ్చింది రేడియోనే. మైఖేల్ ఓ'హెహిర్ 1938లో మైకు పట్టాడు. 1947 ఫుట్‌బాల్ ఫైనల్ న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో జరిగింది, కావన్ కౌంటీకీ కెర్రీ కౌంటీకీ. ఆట ఇంకా అవకముందే ఐర్లండుకు లైను తెగిపోయే వేళయింది. "ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి" అని ఓ'హెహిర్ గాలిలోనే బతిమాలుకున్నాడు. ఉంచారు. కావన్ గెలిచింది, ఇంట్లో కూర్చున్నవాళ్ళు విన్నారు. ఆ రోజు ఆయన మాట లేకపోతే ఆటే లేదు.

రెండో ఆయన మీహాల్ ఓ మూర్హర్టిగ్. కెర్రీలో డింగిల్ దగ్గరి మనిషి, ఐరిష్ భాష ధారాళంగా మాట్లాడేవాడు. 1949లో మొదలుపెట్టి 2010 దాకా చెప్పాడు, 2024లో పోయాడు. ఇక్కడ చాలా ఇళ్ళలో ఒక అలవాటుండేది: టీవీ బొమ్మ పెట్టుకుని, గొంతు నొక్కేసి, పక్కన రేడియో పెట్టి ఈయన మాట వినడం. డిజిటల్ ప్రసారం వచ్చాక అదీ కుదరడం లేదు. బొమ్మ ఆలస్యంగా వస్తుంది, రేడియోలో పాయింటు పడిపోయిన కాసేపటికి టీవీలో కర్ర లేస్తుంది.

ఇంకో సభ్యురాలు (విశాఖ)

నాకు ఆట తెలీదు కానీ ఈయన మాట ఒకటి ఎక్కడో చదివాను. ఫిజీ గురించి. అది అనపేక్షితమే (అక్కర్లేనిదే) కదండీ?

జవాబు

అవునక్కా, అదే. కార్క్ ఆటగాడు షాన్ ఓగ్ ఓ హాల్పీన్ దగ్గరికి బంతి వచ్చింది. ఈయన అన్నాడట: "వాళ్ళ నాన్నది ఫర్మానా, అమ్మది ఫిజీ. రెండూ హర్లింగ్‌కి పేరుపడ్డ చోట్లు కావు." ఫర్మానా ఐర్లండులోనే ఉన్న కౌంటీ, అక్కడ హర్లింగ్ అంతంత మాత్రం. దాన్నీ ఫిజీనీ ఒకే తూకంలో వేశాడు, అదీ మజా. (ఫిజీకి 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి కూలికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ హర్లింగ్ ఆడి ఉండరు.) అదే ఓ హాల్పీన్ 2005లో కార్క్ కెప్టెన్‌గా కప్పు అందుకుని, ప్రసంగం ఐరిష్‌లో చేశాడు.

ఆటకు ఆ ముక్క అక్కర్లేదు. కానీ ఇప్పటికీ జనం చెప్పుకునేది దాన్నే.

మాస్టారి కామెంటు

అది అనపేక్షితం కిందికి రాదు, అప్రస్తుత ప్రసంగం కిందికి వస్తుంది. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడి పనే అది. అవధాని ఏకాగ్రత చెదరగొట్టడానికి సందర్భం లేని ప్రశ్నలు వేస్తాడు, సభ నవ్వుతుంది, ధార మాత్రం తెగదు. అప్రస్తుతానికి రెండు లక్షణాలుండాలి. పొట్టిగా ఉండాలి, చమత్కారం ఉండాలి. ఈయన మాటలో రెండూ ఉన్నాయి, పైగా రెండు ఊళ్ళూ నిజం, కాబట్టి "నామూలం" నియమం కూడా తప్పలేదు. దీన్ని చూసి ప్రతివాడూ అప్రస్తుతం మొదలుపెడితేనే కొంప మునిగేది.

జవాబు

మునిగింది మాస్టారూ. ఇక్కడ టీవీలో జరుగుతున్నది అదే. ఒక దృశ్యం చెప్తాను, చూడండి.

హర్లింగ్‌లో ఒక జట్టు పాయింటు కొట్టగానే అవతలి గోల్‌కీపర్ స్లిటర్‌ని, అంటే ఆ చిన్న తోలు బంతిని, కర్రతో మైదానం అవతలి సగంలోకి కొడతాడు. దాన్ని పక్‌అవుట్ అంటారు. ఈ రోజుల్లో క్షణం ఆగకుండా కొడతారు. టీవీవాడేమో అప్పుడే కొట్టిన పాయింటుకి రీప్లే వేస్తుంటాడు. రీప్లే అయ్యేసరికి బంతి ఎక్కడో గుంపులో ఉంటుంది, చేతులూ కర్రలూ హెల్మెట్లూ తప్ప ఏమీ కనబడవు. చూసేవాడికి అప్పుడు కావాల్సింది మూడే మూడు: ఎవరు కొట్టారు, ఎవరి వైపు కొట్టారు, ఎవరి చేతికి చిక్కింది. మల్లినాథుడి అన్వయముఖం అంటే ఇదే కదా, కర్త, కర్మ, క్రియ. అది వదిలేసి, ఈ కుర్రాడి బాబాయి కూడా ఫలానా సంవత్సరం కౌంటీకి ఆడాడు అంటాడు వ్యాఖ్యాత. మాట పూర్తయ్యేలోగా ఇంకో పాయింటు పడుతుంది.

పక్కన కూర్చున్న మాజీ ఆటగాడైనా చెప్పాలి కదా, ఆ పక్‌అవుట్ ఎందుకు గెలిచారో. ముందు వరసలో ముగ్గురు ఎడమకి జరిగి, తమ వెంట కాపలాదారుల్ని లాక్కుపోయి, కుడివైపు ఖాళీ చేశారు. ఆ జరగడం టీవీ ఫ్రేములో లేదు, మైదానంలో ఉన్నవాడికే కనబడుతుంది. అపేక్షితం అంటే అదీ. దానికి బదులు "ఎంత కసిగా ఆడుతున్నారో చూడండి" అంటాడు. కసి మాకూ కనబడుతూనే ఉంది స్వామీ.

హైదరాబాదు సభ్యుడు

అన్నా, మన తెలుగు క్రికెట్ కామెంటరీ వింటే నీ బాధ మాయమవుతుంది. ప్రతి సిక్సుకీ ఒక సినిమా డైలాగు. సరే గానీ, ఆట విశ్లేషించేవాణ్ణి పండిట్ అంటున్నారు చూడు అక్కడ, ఆ పేరు మన పండితుడేనా?

జవాబు

మనదే తమ్ముడూ. ఇక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి, ఇప్పుడు ఆదివారం రాత్రి స్టూడియోలో టై కట్టుకుని కూర్చుంది. ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ వాళ్ళ "ది సండే గేమ్" 1979 నుంచి వస్తోంది, మ్యాచుల ముక్కలు చూపిస్తూ పండితులతో వాదన పెట్టించడం దాని పని. "నామూలం" ఎక్కువగా తప్పేది అక్కడే.

2003 సెమీఫైనల్‌లో టిరోన్ జట్టు కెర్రీని 0-13, 0-6తో (ముందు అంకె గోల్స్, వెనకది పాయింట్లు) ఓడించింది. కెర్రీ తరఫున 8 ఆల్ ఐర్లండ్ (దేశవ్యాప్త ఛాంపియన్‌షిప్) పతకాలు గెలిచిన ప్యాట్ స్పిలాన్ టీవీలో కూర్చుని ఆ ఆటని "ప్యూక్ ఫుట్‌బాల్" అన్నాడు, వాంతి వచ్చే ఆట అని. ఆ మాట ఇరవై ఏళ్ళు దాటినా చావలేదు. నిజానికి అప్పుడు వివరించాల్సింది బోలెడుంది. బంతి పట్టిన ప్రతి కెర్రీవాడి చుట్టూ ముగ్గురు నలుగురు టిరోన్‌వాళ్ళు ఎలా మూగారు, అంతమంది ఒకచోటికి వస్తే మిగతా మైదానం ఎవరు కాశారు, కెర్రీ ఆ ఖాళీని ఎందుకు వాడుకోలేకపోయింది. అదంతా పోయి ఒక తిట్టు మిగిలింది. టిరోన్ ఆ ఏడాది మొదటిసారి ఆల్ ఐర్లండ్ గెలిచింది.

పదేళ్ళకి 2013లో ఇంకో టీవీ పండితుడు, మాజీ ఆటగాడు జో బ్రోలీ ఇంకో అడుగు వేశాడు. టిరోన్ ఆటగాడు షాన్ కావనా, గోల్ వైపు దూసుకుపోతున్న మొనాహన్ ఆటగాణ్ణి పట్టుకుని కింద పడేశాడు. అప్పటి నియమాల ప్రకారం దానికి పసుపు కార్డే. ఆ లొసుగు మీద బ్రోలీ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, వినదగ్గది. కానీ అక్కడితో ఆపక, కావనా మగతనాన్ని కూడా ప్రశ్నించాడు. మర్నాటి నుంచి లొసుగు సంగతి వెనకబడి, తిట్టు సంగతే ముందుకొచ్చింది. జీతం లేకుండా ఆడే మనిషిని లక్షల మంది ముందు అలా అనడం నాకు మింగుడుపడలేదు.

మాస్టారి కామెంటు

తిట్టుకి మూలం ఉన్నా అది వ్యాఖ్య కాదు నాయనా. మన ఖండనగ్రంథాల్లో కూడా పూర్వపక్షం పూర్తిగా చెప్పాకే ఖండన. ఎదుటివాడి వాదం వాడికంటే బాగా చెప్పగలిగితేనే కొట్టే అర్హత. మీ స్పిలాన్ గారు టిరోన్ పక్షం ముందు చెప్పి, ఆ తర్వాత వాంతి చేసుకుని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి.

విశాఖ సభ్యురాలు

హహ్హ. మరి మంచిగా చెప్పేవాళ్ళు లేరా అక్కడ?

జవాబు

ఉన్నారక్కా. నా మటుక్కు నాకు టీజీ ఫోర్ ఇష్టం. 1996లో పెట్టిన ఐరిష్ భాషా ఛానెల్. క్లబ్బు మ్యాచులు, ఆడవాళ్ళ ఫుట్‌బాల్ దాంట్లోనే ఎక్కువ వస్తాయి. కామెంటరీ ఐరిష్‌లో, మ్యాచి అయ్యాక ఇంటర్వ్యూలు చాలాసార్లు ఇంగ్లీషులో. నా ఐరిష్ పేర్లూ అంకెలూ దాటదు. అయినా ఆట అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్ళ వ్యాఖ్యాత చెప్పేదాంట్లో ఎక్కువభాగం పేర్లూ అంకెలే. ఇక్కడి స్నేహితులు కొందరు, బడిలో నేర్చిన ఐరిష్ మర్చిపోయినవాళ్ళు, అదే మాట అంటారు.

విశ్లేషణ కూడా మెరుగుపడుతోంది. 2025 నుంచి ఫుట్‌బాల్‌లో 40 మీటర్ల గీత బయటినుంచి కొడితే 2 పాయింట్లు. కొత్త నియమాలు రావడంతో పండితులు తిట్టడం కాస్త ఆపి బొమ్మ మీద గీతలు గీసి చెప్పక తప్పలేదు: ఫలానావాడు గీత దాటి ఒక్క అడుగు వెనక్కి ఎందుకు వేశాడు, వాణ్ణి కాపలా కాసేవాడు ఎందుకు ముందుకు రాలేకపోయాడు అని. ఆ పది నిమిషాలూ నేను ఫోను ముట్టుకోను.

హైదరాబాదు సభ్యుడు

అన్నా, ఒక్క డౌటు. తెలుగులో వ్యాఖ్యాత అంటే ఇప్పుడు జనం యాంకర్ అనుకుంటున్నారు. సంగీత కార్యక్రమానికీ వ్యాఖ్యాతే, ఆటకీ వ్యాఖ్యాతే. మరి ఈ ఇద్దర్నీ వేరుగా ఏమనాలి?

మాస్టారి కామెంటు

ఆట చెప్పేవాడు వ్యాఖ్యాత, పక్కనుండి ఎందుకో చెప్పేవాడు విశ్లేషకుడు. పత్రికల్లో ఇప్పటికే వాడుతున్నారు, చాలు. యాంకర్ని యాంకర్ అనే అనండి, ఆవిడేమీ అనుకోదు.