రొయ్యల చెరువుల యాప్‌కు కొత్తవాళ్లు వచ్చి నిలబడాలంటే ఏం చేయాలి?

నమస్కారం అండీ. మాది కావలి. వనామీ రొయ్యల రైతులు మేత, ఉప్పుశాతం, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు రాసుకునే చిన్న యాప్‌ను నేనూ నా స్నేహితుడూ ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్ ఎవరైనా చూసి మార్చుకునేలా, నడుపుతున్నాం. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, ఎంఐటీ లైసెన్స్. అల్లూరు, విడవలూరు వైపు రైతులు రోజూ వాడుతున్నారు. మా ఇద్దరి మీదే నడిస్తే ఎంతకాలం నిలుస్తుందోనని టెన్షన్‌గా ఉంది.

నెల్లూరు, ఒంగోలు ఇంజనీరింగ్ పిల్లలు ఉత్సాహంగానే వస్తారు. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలులో) స్పెల్లింగ్ దిద్ది ఒక పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పును కలుపుకోమనే అభ్యర్థన) పంపుతారు, మళ్లీ కనపడరు. తప్పు వాళ్లది కాదు. కోడ్ కన్నా చెరువే అర్థం కావడం లేదనిపిస్తోంది. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ ఖర్చవడమే తప్ప తయారవదు కాబట్టి తెల్లవారుజామున డీఓ బాగా పడిపోతుంది. అందుకే మా అలారం ఆ వేళకు వేరే పరిమితి వాడుతుంది. ఇది తెలియనివాళ్లకు ఆ ఫంక్షన్ బగ్‌లా కనిపిస్తుంది. అడగడానికేమో మొహమాటం.

ఎలా సాయపడాలో చెప్పే కాంట్రిబ్యూటింగ్ ఫైలు పెట్టాం, కొత్తవాళ్లకు తగ్గ తేలిక పనులకు 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' లేబుళ్లూ తగిలించాం. చాలడం లేదు.

ఇలాంటి ప్రాజెక్టులు నడిపినవాళ్లు చెప్పండి. తేలిక పనులు కొత్తవాళ్ల కోసం ఆపి ఉంచాలా? అలా ఆపితే రైతుకు ఇబ్బంది కదా. చర్చ తెలుగులో సాగితే వేరే రాష్ట్రాలవాళ్లు దూరమవుతారా? కోడ్ రాని రైతుల చేత ఇష్యూలు (యాప్‌లో సరిచేయాల్సినవి) రాయించినవాళ్లు ఉన్నారా? అన్నిటికన్నా ముఖ్యం, మీ దగ్గర రెండో పుల్ రిక్వెస్ట్ పంపినవాళ్లు వెళ్లిపోకుండా ఎందుకు నిలబడ్డారు?